సంగీతకారుల ఆత్మకథలు – సజీవ వేదికలు

పుట్టిన క్షణంలోనే లయించే కళ సంగీతం. శిల్పం శిథిలమైనా రాయి మిగులుతుంది. చిత్రం వెలిసిపోయినా గోడ మిగులుతుంది. పాట ముగిసిన పిమ్మట మిగిలేది విన్నవారి జ్ఞాపకం, పాడినవారి జీవితం మాత్రమే. ఈ రెండింటినీ భద్రపరచే సాధనాలు కూడా రెండే: కళాకారుడు స్వయంగా చెప్పుకొన్న జీవితకథ ఒకటి, అదే సంప్రదాయం నేటికీ ఊపిరి పోసుకొంటున్న వేదిక మరొకటి. అయితే మన పత్రికలలో గ్రంథ సమీక్షకు ఒక పుటనూ, కచేరీ సమీక్షకు మరొక పుటనూ కేటాయించడం ఆనవాయితీగా వస్తున్నది. ఈ విభజన వల్ల ఉభయులకూ నష్టమే జరిగింది. గ్రంథాన్ని చదివినవాడు వేదికను చూడలేదు; వేదికను చూచినవాడు గ్రంథాన్ని తెరవలేదు. తెలుగు సంగీత, గేయ నాటక కళాకారుల ఆత్మకథలలో చదవదగినవి ఏవి, వాటికి సరిజోడుగా చూడదగిన ప్రదర్శనలు ఏవి అన్న ప్రశ్నను ఒకేచోట పరిశీలించవలసిన అవసరం అందువల్లనే ఏర్పడుతున్నది.

ఈ పరిశీలనకు ఢిల్లీ నైరుతి భాగంలోని ద్వారక ఉపనగరం అనుకూలమైన స్థానం. 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అంటే సి.సి.ఆర్.టి., ప్రధాన కార్యాలయం ద్వారక ఏడవ సెక్టారులోనే ఉన్నది. వివిధ రాష్ట్రాల ఉపాధ్యాయులు శిక్షణకై ఇక్కడికి వస్తారు. పదినుంచి పద్నాలుగేళ్ల వయసు బాలబాలికలకు సంగీత నృత్యాది కళలలో ఉపకార వేతనాలు మంజూరు చేసేది కూడా ఈ సంస్థయే. దీని ప్రాంతీయ కేంద్రాలలో ఒకటి హైదరాబాదులో పనిచేస్తున్నది. ఉద్యోగరీత్యా రాజధానిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తమ కళలతో సంబంధం నిలుపుకోవడం ఎట్లా అన్నది తరతరాల సమస్య. ఆ సమస్యకు పుస్తకం సగం సమాధానం, వేదిక మిగతా సగం.

రాజాస్థానం నుంచి కళాశాలకు

తెలుగు సంగీతకారుల స్వీయచరిత్రలలో మొదట చదవవలసినది ఆదిభట్ల నారాయణదాసు ‘నా ఎరుక’. 1864లో అజ్జాడ గ్రామంలో జన్మించి 1945లో కన్నుమూసిన ఈ హరికథా పితామహుడు బహుభాషావేత్త. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చిన పండితుడు. ఇంతటి వాడు తన కథను చెప్పుకొన్నప్పుడు పాండిత్య ప్రకర్షను ఎదురుచూడడం సహజం. గ్రంథం ఆ అంచనాను తలకిందులు చేస్తుంది. యౌవనపు అల్లరిని, భోగలాలసను, ఊరూరా తిరిగిన తిరుగుళ్లను దాసుగారు దాపరికం లేకుండా వెల్లడించారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకాల ఉత్తరాంధ్ర సంస్థానాలలో ఒక గాయకుడు ఎట్లా బ్రతికాడు, ఎవరిని ఆశ్రయించాడు, సన్మానం అనే మాటకు ఆనాడు ఏ అర్థం ఉండేది అన్న విషయాలకు ఇది అమూల్యమైన సాక్ష్యం.

అయితే సాక్ష్యానికి హద్దులున్నాయి. కథ సుమారు ముప్ఫై ఏళ్ల వయసు దగ్గర ఆగిపోతుంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడి, దాసుగారు దానికి తొలి అధ్యక్షులు కావడం, ద్వారం వెంకటస్వామి నాయుడు వంటి వైణికేతర తంత్రీవాద్య విద్వాంసుడు అక్కడ వాయులీన ఆచార్యుడు కావడం, రాజాస్థానపు ఆశ్రయం క్రమంగా విద్యాసంస్థ రూపం ధరించడం – తెలుగు సంగీత చరిత్రలో అత్యంత కీలకమైన ఈ పరిణామమంతా ఆ గ్రంథపు చివరి పుటకు ఆవల ఉండిపోయింది. చరిత్ర విద్యార్థికి ఇది పెద్ద వెలితి. రసికునికి మాత్రం ఆ వెలితి అంతగా కనిపించదు. ఎందుకంటే హరికథకుని వ్యక్తిత్వానికి మూలధాతువు ఆ తొలి ముప్ఫై ఏళ్లలోనే ఉన్నది.

ఈ గ్రంథాన్ని చదివిన పాఠకుడు తప్పక ఒక హరికథను ప్రత్యక్షంగా చూడాలి. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, మెడలో పూలదండ – ఇంతే పరికరం. ఒకే వ్యక్తి గాయకుడు, నర్తకుడు, నటుడు, పౌరాణికుడు కావాలి. మంచి హరికథను గుర్తించడానికి ఒక కొలత ఉన్నది. కథకుడు మధ్యలో ఎత్తుకొన్న పిట్టకథ నవ్వించి వదిలివేస్తున్నదా, లేక ప్రధాన కథను మరింత లోతుగా చూపి తిరిగి తాళంలోకి వచ్చి పడుతున్నదా అన్నదే ఆ కొలత. గోదావరి తీరాన కపిలేశ్వరపురంలోని హరికథా పాఠశాల ఈ విద్యను క్రమబద్ధంగా బోధిస్తూ వచ్చింది. సంస్కృతంలో సైతం హరికథ చెప్పే డి. ఉమామహేశ్వరికి 2024లో పద్మశ్రీ లభించింది. పురుషుల విద్యగా చాలాకాలం చెలామణి అయిన హరికథను ఒక స్త్రీ కంఠంలో వినడం, ‘నా ఎరుక’ చదివిన కంటికి కొత్త చూపునిస్తుంది.

నిషేధం నుంచి పురస్కారానికి

నారాయణదాసు గ్రంథానికి పూర్తిగా ఎదురుగా నిలిచే పుస్తకం షేక్ నాజర్ ఆత్మకథ ‘పింజారి’. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి 1997లో మరణించిన ఈ బుర్రకథా సమ్రాట్టు తన జీవితాన్ని అంగడాల వెంకట రమణమూర్తికి చెప్పగా అది గ్రంథరూపం దాల్చింది. దూది ఏకే కులవృత్తిని సూచించే మాటను, సమాజం చిన్నచూపుతో పలికిన మాటను, తన జీవితకథకు శీర్షికగా పెట్టుకోవడంలోనే నాజర్ దృక్పథమంతా ఉన్నది. పేదరికం, విద్యకోసం గురువులను వెదుక్కొంటూ పడిన పాట్లు, నాటక సమాజాలలో పాత్రలు, ప్రజానాట్యమండలి దళంతో ఊరూరా చేసిన ప్రదర్శనలు – ఇవన్నీ వక్త గొంతులోని పలుకుబడితోనే పుటలకెక్కాయి. చెప్పగా రాసిన పుస్తకాలలో సాధారణంగా రాసినవాని భాష చెప్పినవాని గొంతును కప్పివేస్తుంది. ఇక్కడ ఆ దోషం తక్కువ.

బుర్రకథ నిర్మాణాన్ని తెలిసినవారికి ఈ గ్రంథం మరింత ఆసక్తికరం. మధ్యన తంబురా మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ కథకుడు. ఇరువైపులా గుమ్మెటలతో వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరొక వంత రాజకీయం చెబుతాడు. పాత కథను నడుపుతూనే నేటి ఊరి సమస్యను ప్రస్తావించడానికి ఈ ఏర్పాటు వీలు కల్పిస్తుంది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు గాథలు నాజర్ నోట వర్తమాన గాథలయ్యాయి. ఈ శక్తిని గుర్తించినందువల్లనే అటు మద్రాసు ప్రభుత్వమూ, ఇటు నిజాం ప్రభుత్వమూ ఒక దశలో బుర్రకథను నిషేధించాయి. అదే కళకు ప్రతినిధిగా 1986లో నాజర్‌కు పద్మశ్రీ పురస్కారం లభించింది.

పాలనా వ్యవహారాలతో సంబంధమున్న పాఠకులు ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టుకొని ఆలోచించవలసి ఉన్నది. పురస్కార పత్రంలో కళాకారుని పేరు, కళ పేరు, రాష్ట్రం పేరు ఉంటాయి. ఆ కళ ఎందుకు భయపెట్టింది, ఎవరిని భయపెట్టింది అన్న విషయం అందులో ఉండదు. దానికి స్థానం ఆత్మకథలోనే. నిషేధించిన కాలాన్ని మరచి సత్కరించడం సులభం. ‘పింజారి’ ఆ మరపును అనుమతించదు. నేడు ప్రభుత్వ పథకాల ప్రచారానికి బుర్రకథ దళాలను నియోగించడం పరిపాటి. కుటుంబ సంక్షేమం మొదలు ఓటుహక్కు వరకు ఏ అంశమైనా ఆ చట్రంలో ఇముడుతుంది. కాని రాజకీయపు వంత నోటినుంచి ప్రశ్న తొలగి, నినాదం మాత్రమే మిగిలినప్పుడు, అందెల చప్పుడు ఎంత జోరుగా ఉన్నా అది బుర్రకథ అనిపించుకోదు. ఏ బుర్రకథ దళాన్ని చూడాలి అన్న ప్రశ్నకు సమాధానం ఇదే: రాజకీయపు వంతకు ఇంకా నోరున్న దళాన్ని చూడాలి.

రంగస్థలంపై సత్యభామ

స్థానం నరసింహారావు ‘నటస్థానం’ మూడవ గ్రంథం. 1902లో జన్మించి 1971లో దివంగతుడైన స్థానం, సత్యభామగా, చింతామణిగా, రోషనారగా తెలుగు ప్రేక్షకులను అలరించి, 1956లో పద్మశ్రీ పొందిన నటుడు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పాడే ప్రసిద్ధ గీతం ఆయన స్వయంగా రచించుకొన్నది. పాత్రకు అవసరమైన పాటను నటుడే కూర్చుకోవడం ఆనాటి పద్య నాటకరంగంలో సంగీతానికి, నటనకు మధ్య ఎట్టి అభేదం ఉండేదో తెలియజేస్తున్నది. పురుషుడు స్త్రీపాత్రను ధరించేటప్పుడు నడక, చూపు, గొంతు, ఆహార్యం ఏ విధంగా కుదరాలి అన్నది ఈ నటుడు జీవితమంతా మథనపడిన సమస్య. అందువల్ల ‘నటస్థానం’ను జీవితకథగా కన్న వృత్తి పాఠంగా చదవడమే సముచితం. వ్యక్తిగత జీవిత విశేషాలను కోరే పాఠకుడు కొంత నిరాశపడవచ్చు. రంగస్థల విద్యార్థికి మాత్రం ఇది చేతిపుస్తకం.

దీనికి జంటగా చూడదగిన ప్రదర్శనలు రెండు. మొదటిది కూచిపూడి భామాకలాపం. సిద్ధేంద్రయోగి పేరిట ప్రసిద్ధమైన ఈ కలాపంలో పురుషులే సత్యభామను ధరించే సంప్రదాయాన్ని వేదాంతం సత్యనారాయణ శర్మ 2012లో మరణించేవరకూ వెలిగించారు. జడను తెరపై వేసి సత్యభామ చేసే ప్రవేశాన్ని నాటక సత్యభామతో పోల్చి చూచినవారికి, ఒకే పాత్ర రెండు సంగీత వ్యవస్థలలో ఎట్లా వేరువేరుగా పలుకుతుందో బోధపడుతుంది. రెండవది సురభి నాటకం. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఈ కుటుంబ నాటక వ్యవస్థలో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించారు. స్థానం సాధించిన కళకు ఇది మరొక ముఖం. సురభి ‘మాయాబజార్’కు వచ్చే ప్రేక్షకులు చాలామంది తెరలు మారే వేగాన్ని, గాలిలో తేలే అస్త్రాలను మెచ్చుకొని తిరిగి వెళతారు. అంతకుమించి వినవలసినది ఆ వింతల మధ్య హార్మోనియం పట్టి నిలిపే శ్రుతిని. బి.వి. కారంత్ వంటి దర్శకుడు ఈ కుటుంబాలతో కలిసి పనిచేయడానికి ముందుకు రావడం వెనుక ఆ సంగీత బలమున్నది. శ్రీ వేంకటేశ్వర సురభి సమాజాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు 2022లో మరణించారు. ఒక తరం నిష్క్రమించిన పిమ్మట ఈ నాటకాలను చూడడం అవసరమే కాక తొందరపడవలసిన పని కూడా.

మైక్రోఫోను ముందు జీవితాలు

సినిమా, రేడియో కళాకారుల జీవితాలు వేరొక సమస్యను మన ముందుంచుతాయి. 1939లో ‘వరవిక్రయం’తో తెరపైకి వచ్చిన భానుమతీ రామకృష్ణ తన పాటలను తానే పాడుకొన్న నటి, దర్శకురాలు, కథా రచయిత్రి, కొంతకాలం మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు అధ్యక్షురాలు. ఆమె ‘నాలో నేను’ చదువుతున్నంతసేపూ ఎవరికీ తలవంచని ఒక గొంతు వినిపిస్తూనే ఉంటుంది. ఆత్మాభిమానం కొన్నిచోట్ల ఇతరుల పట్ల న్యాయాన్ని మించిపోయిందేమో అన్న సందేహం విమర్శకునికి కలుగక మానదు. అయినా, గాయని అంటే తెరవెనుక అణకువగా నిలిచే వ్యక్తి అన్న భావన పాతుకొన్న రంగంలో ఈ స్వరం అత్యవసరం. ఈమె కళకు వేదిక లేదు. రికార్డే ఆ కళకు ప్రత్యక్ష రూపం.

బాలాంత్రపు రజనీకాంతరావు ‘రజనీ ఆత్మకథా విభావరి’ అధికార పాఠకులకు ప్రత్యేకంగా సూచించదగిన గ్రంథం. 1920లో జన్మించి 2018లో మరణించిన రజని కవి, వాగ్గేయకారుడు, ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పరిశోధకుడు, వీటన్నిటితోపాటు ఆకాశవాణి ఉద్యోగి. స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి కంఠంలో ప్రసారమైన గీతం ఆయనదే. విజయవాడ కేంద్రపు ‘భక్తిరంజని’ తెలుగువారి ఉదయాలకు ఒక శ్రుతిని ఏర్పరచింది. ప్రభుత్వ దస్త్రం, నెలవారీ ప్రసార పట్టిక, పరిమితమైన పారితోషికం – ఇటువంటి చట్రంలో కూర్చొని ఒక అధికారి ఏమి సృష్టించగలడో ఈ జీవితం నిరూపిస్తున్నది. ఇదే మార్గంలో రాజధానికి వచ్చినవారు ఈమని శంకరశాస్త్రి. వీణను గాత్రానికి దగ్గరగా పలికించిన ఆ విద్వాంసుడు ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి నాయకత్వం వహించారు. 1954లో మొదలైన ఆకాశవాణి సంగీత సమ్మేళనం ఆహ్వానితుల ఎదుట జరిగే కచేరీల పరంపర. రజని గ్రంథం చదివినవారు అటువంటి కచేరీకి హాజరైతే, మైక్రోఫోను ముందు పాడడానికీ సభ ముందు పాడడానికీ గల అంతరాన్ని స్వయంగా గ్రహించగలుగుతారు.

ఇతర భాషల అద్దంలో

పొరుగు భాషలతో పోల్చినప్పుడు తెలుగు ఆత్మకథల బలం, బలహీనత రెండూ స్పష్టమవుతాయి. ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్ శాంతినికేతనంలో నోటితో చెప్పగా బెంగాలీలో వెలువడిన ‘ఆమార్ కథా’, నాజర్ గ్రంథం వలెనే, చెప్పినవాని గొంతును నిలుపుకొన్నది. ఢిల్లీలో పెరిగి, ప్రభుత్వ ప్రచురణ విభాగంలో పనిచేసిన గాయని షీలా ధర్ రాసిన జ్ఞాపకాలలో పెద్ద విద్వాంసులు తమ చపలతలతో, ఆకలితో, హాస్యంతో మనుషులుగా కనిపిస్తారు. గురువును దేవునిగా తప్ప చూడలేని భక్తి మన సంగీత రచనలలో అధికం. నారాయణదాసు తన విషయంలో చూపిన నిర్మొహమాటాన్ని ఆయన తరువాతివారు గురువుల విషయంలో చూపలేదు. భక్తి వల్ల కచేరీకి శోభ కలుగుతుందేమో గాని, చరిత్ర రచనకు కలగదు.

గ్రంథానికెక్కని గొంతులు

ఇంతవరకు పేర్కొన్న అయిదుగురిలో నలుగురు స్వయంగా కలం పట్టగలిగినవారు. అయిదవవాని కథను రాయడానికి ఒక మిత్రుడు దొరికాడు. ఆ మిత్రుడు దొరకని వారి మాటేమిటి? నాగర్‌కర్నూల్ ప్రాంతపు దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట ప్రాంతపు బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో అదే గౌరవం దక్కింది. 2023లో ‘బలగం’ చిత్రం చివర తన పాటతో ఊళ్లకు ఊళ్లను ఏడిపించిన బుడగజంగాల కళాకారుడు పస్తం మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు. వీరి కళలో కథ అనేది వంశపరంపరగా నోటిలో ఉన్న ఆస్తి. కథకుడు పోయినప్పుడు ఒక వ్యక్తి పోవడంతో విషయం ముగియదు. అతని నోట ఉన్న పాఠం, ఆ ప్రాంతపు మాట, వాద్యాన్ని తయారుచేసే పద్ధతి కూడా పోతాయి.

నాదస్వర విద్వాంసుల విషయమూ ఆలోచించదగినదే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా, ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు – వీరు ముస్లిం కుటుంబాలలో పుట్టి దేవాలయ వాద్యాన్ని కులవిద్యగా ఉపాసించినవారు. 2020లో పద్మశ్రీ పొందిన ఈ దంపతుల జంట కచేరీ, అవకాశం లభించినప్పుడు తప్పక వినదగినది. ముఖ్యంగా రాగాలాపనలో ఇద్దరూ ఒకరి ఊపిరి ముగిసేచోట మరొకరు అందుకొనే తీరు గమనార్హం. కోస్తా జిల్లాల కళావంతుల నాట్య సంగీతాలది ఇంకా విషాదకరమైన చరిత్ర. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఒక దురాచారాన్ని తొలగించే క్రమంలో ఆ స్త్రీల విద్యకు సభాగౌరవం లేకుండా చేసింది. ఆ సంప్రదాయపు శేషాన్ని స్వప్నసుందరి ‘విలాసినీ నాట్యం’ పేరుతో వేదికకెక్కించి, గ్రంథస్థం కూడా చేశారు. వేదిక దక్కింది, ఆ స్త్రీలు తమ మాటలలో చెప్పుకొన్న జీవితాలు మాత్రం అరుదుగానే మన చేతికందాయి.

చేయవలసినది

ద్వారకలో నివసించే తెలుగు రసికునికి పై సూచనలలో కొన్ని అందుబాటులోనే ఉన్నాయి. మెట్రో నీలిమార్గంలో రైలు మారే పని లేకుండా మండీహౌస్ చేరుకోవచ్చు. సంగీత నాటక అకాడమీ, సాహిత్య అకాడమీ కొలువైన రవీంద్రభవనం, కమానీ సభామందిరం ఆ పరిసరాలలోనివే. తెలుగుగడ్డనుంచి వచ్చి రాజధానిని కూచిపూడికి రెండవ ఇల్లు చేసిన రాజా, రాధారెడ్డి దంపతుల ‘నాట్యతరంగిణి’ దక్షిణ ఢిల్లీలో ఉన్నది. వారి ప్రదర్శనలలో కౌసల్యారెడ్డి నట్టువాంగం ప్రత్యేకంగా వినదగినది. కంటితో చూసే నాట్యాన్ని చెవితో నడిపించేది ఆ తాళమే.

సంస్థలు చేయదగిన పని ఇంతకన్న పెద్దది. ద్వారక కేంద్రంలో శిక్షణ పొందే ఉపాధ్యాయుడు ఒక కళారూపాన్ని చూచి, కొన్ని అడుగులు, ఒక పాట నేర్చుకొని తిరిగి వెళుతున్నాడు. ఆ ప్రదర్శనతో పాటు ఆ కళాకారుని జీవితం నుంచి ఒక అధ్యాయం కూడా చదివించినట్లయితే, బుర్రకథ అంటే రంగుల దుస్తులు అన్న భావనతో కాక, నిషేధానికి నిలిచిన నోరు అన్న అవగాహనతో అతడు తరగతి గదికి చేరుకొంటాడు. అట్లాగే పురస్కారం ప్రకటించిన ప్రతి జానపద కళాకారుని కథను, ఆయన సొంత మాండలికంలోనే, తీరికగా నమోదు చేసి ప్రచురించడం పురస్కారంలో భాగం కావాలి. పద్మ పురస్కారం పొందేనాటికి చాలామంది వృద్ధులై ఉంటారన్నది అందరికీ తెలిసినదే. పతకం ప్రదానం చేయడానికి ఒక సాయంత్రం చాలు. జీవితాన్ని వినడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలలను కేటాయించడానికి బడ్జెటు పెద్దగా అవసరం లేదు. ఒక టేప్ రికార్డరు, ఆ యాస తెలిసిన ఒక మనిషి, తొందరపడని ఒక దస్త్రం ఉంటే చాలు.

అంగడాల వెంకట రమణమూర్తి నాజర్ ఎదుట కూర్చొని చేసింది ఇదే పని. ఒక వ్యక్తి ఓపికతో సాధ్యమైన దానిని ఒక వ్యవస్థ చేపట్టలేకపోదు. కిన్నెర మెట్లను లెక్కించి చెప్పగలిగిన గొంతులు ఇంకా పలుకుతున్నాయి. వాటిని వేదికపై వినడం రసికుల వంతు; పుటలపై నిలపడం సంస్థల వంతు.